తర్వాతి ప్రయోగం

“అమ్మగారూ, ఇందాక నేను చెప్పిన ఐదు మాటలూ ఇప్పుడు చెప్పండి చూద్దాం.”

ముసలావిడ పరిశోధకురాలి మొహంలోకి సూటిగా చూసింది.

“చెప్పను.”

“గుర్తు లేవా?”

“గుర్తు లేకపోతే లేవంటాను గానీ, చెప్పనంటానా? లోపలెక్కడో ఉన్నాయి. బయటికి రావట్లేదు. రెండూ ఒకటి కాదమ్మాయ్!”

పక్కన కూర్చున్న చెల్లెలు నవ్వు ఆపుకుంది. “మా అక్క అంతేనండీ. ఓడిపోయినా ఒప్పుకోదు.”

పరిశోధకురాలు కూడా నవ్వేసింది. నవ్వుతూనే సున్నా వేసింది.

ఆ గదిలో ఎవరికీ పేర్లుండవు. మతిమరుపు మీద పరిశోధనకి వచ్చేవాళ్లంతా నంబర్లే. పేర్లు ఆఫీసువాళ్ల దగ్గరే ఉంటాయి. వచ్చిన మనిషి ఎవరో, ఒకప్పుడు ఏం చేసేవారో తెలిస్తే మార్కులు వేసే చెయ్యి ఎటో ఒకవైపు మొగ్గుతుందని భయం. అందుకని అడగకూడదు, వాళ్లు చెప్పబోయినా వినకూడదు. ఆ రూలు పెట్టింది పరిశోధకురాలే.

ముసలావిడది పదిహేడో నంబరు. ఆ దబాయింపు చూసి, ఏ బడిలోనో లెక్కల టీచరై ఉంటుందని పరిశోధకురాలు మనసులో అనుకుంది.

నిజానికి ఆమె ధ్యాసంతా ఇంకో మనిషి మీద ఉంది.

చదువుకునే రోజుల్లో, ఎవరూ ముట్టుకోని పాత పత్రికల దొంతరలో ఆమెకొక చిన్న వ్యాసం దొరికింది. మెదడులో ఫలానా ఎంజైము అతిగా పనిచేస్తే మతిమరుపు మొదలవుతుందనీ, దాన్ని అదుపు చేసే దారి తర్వాతి ప్రయోగంలో తేలుతుందనీ అందులో ఉంది. కింద రెండు పొడి అక్షరాలు, ఒక ఇంటిపేరు. అంతే. తర్వాతి ప్రయోగం మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు.

ఆ వ్యాసం పట్టుకునే ఆమె పైకొచ్చింది. ఆ ఎంజైమును మెదడు కణాల్లోంచి విడదీసింది. దాని రూపం తేల్చింది. బహుమతులొచ్చాయి, పేరొచ్చింది. కానీ దాన్ని అదుపు చేయడం మాత్రం చేతకాలేదు. ఏ మందు పోసినా కుక్కతోక వంకరే.

ఆ వ్యాసం రాసినాయన్నే అడగాలి.

ఆయన పనిచేసిన విభాగాన్ని ఎప్పుడో ఎత్తేశారు. సభల్లో తలపండిన ప్రొఫెసర్లు కనిపిస్తే చాలు, ఆమె ఆపి అడిగేది.

“పేరు విన్నట్టే ఉందమ్మా. మనిషిని చూసిన గుర్తు లేదు,” అనేవారు.

ఇంట్లో భర్త ఆటపట్టించేవాడు. “ఇంట్లో ఉన్న ఆయన తిన్నాడో లేదో పట్టదు గానీ, కనపడని ఆయన కోసం లోకమంతా గాలిస్తావు.”

“నువ్వెక్కడికీ పోవుగా!”

“అదే నా ఖర్మ.”

నవ్వేసేది గానీ, లోపల బెంగగా ఉండేది. ‘తర్వాత ఏం చేశారు మాస్టారూ?’ అని ఆయన ఎదురుగా కూర్చుని ఒక్కసారి అడగగలిగితే చాలనుకునేది. ఆయన అసలు బతికున్నాడా అన్న ఆలోచన వస్తే మాత్రం ఆ పూట పని సాగేది కాదు.

ముసలావిడ వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త తరిగిపోతూ కనిపించింది. దబాయింపు తగ్గింది. ఓసారి గడియారం బొమ్మ గీయమంటే, పెన్సిలు పక్కన పడేసి పరిశోధకురాలి చెయ్యి పట్టుకుంది.

“అమ్మాయ్, నేనొకటి సగంలో వదిలేశాను. అది నీకు చెప్పాలి.”

అక్కడికి వచ్చేవాళ్లంతా ఏదో ఒకటి సగంలో వదిలేసినవాళ్లే. ఒకరికి పొయ్యి మీద పాలు, ఒకరికి తాళం వేయని తలుపు. పరిశోధకురాలికి ఈ మాటలు అలవాటే.

“పరీక్ష మధ్యలో వేరే మాటలు కూడదండీ.”

“కాస్త విను తల్లీ. నీకైతే అర్థమవుతుంది.”

“ముందు గడియారం గీయండి. తర్వాత విందాం.”

ముసలావిడ బుద్ధిగా పెన్సిలు తీసుకుంది. అంకెలన్నీ ఒకే పక్కకి చేరాయి. అవి పూర్తయ్యేసరికి, ఏం చెప్పాలనుకుందో మరిచిపోయింది.

‘విషయం తప్పి మాట్లాడింది’ అని రాసుకుని, పరిశోధకురాలు ఒక మార్కు తగ్గించింది.

ఆ తర్వాత ఆవిడ రాలేదు. కొన్నాళ్లకి చెల్లెలు ఒక్కతే వచ్చింది.

“అక్క పోయిందండీ. మెదడు మీ పరిశోధనకే ఇవ్వాలని బాగున్న రోజుల్లోనే చెప్పింది. ఆఫీసులో ఆ పని పూర్తయింది. మీకూ ఓ మాట చెప్పి వెళదామని వచ్చాను.”

పరిశోధకురాలు చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. కుర్చీ జరిపి చెల్లెల్ని కూర్చోబెట్టింది.

“ఇక్కడికి రావడమంటే దానికి ప్రాణం,” అంది చెల్లెలు. “పొద్దున్నే తయారై కూర్చునేది. ‘ఆ అమ్మాయికి చెప్పాలే, ఆ అమ్మాయికి చెప్పాలి’ అనేది. ఏం చెప్పాలే అంటే, ‘నీకర్థం కాదు పోవే’ అని కసిరేది.”

“ఇల్లు చూసుకుంటూ ఉండేవారా?”

“పెళ్లయ్యాక ఇల్లే. అత్తగారు మంచాన పడితే ఉద్యోగం మానేసింది. మళ్లీ వెళ్తా, మళ్లీ వెళ్తా అంటూనే ఉండేది. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు... అంతకుముందైతే...” చెల్లెలు నాలుక కరుచుకుంది. “అవి చెప్పకూడదన్నారు కదూ?”

“ఇంకా రూలేమిటండీ! ఇకనైనా ఆవిడ్ని నంబరుతో కాకుండా పేరుతో తలుచుకుంటాను. చెప్పండి.”

“అయితే మా పుట్టింటి ఇంటిపేరుతో తలుచుకోండి. అచ్చయిన తన రాత కింద అదే ఉందని మురిసిపోయేది,” అంటూ చెల్లెలు పూర్తి పేరు విడమరిచి చెప్పింది.

పొడి అక్షరాలతో సహా, పరిశోధకురాలు ఇన్నేళ్లుగా లోకమంతా ‘ఆయన’ అని వెతికిన పేరు అదే.