ముళ్ళ చేపల పులుసు

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో లోపలి గాలిని కడుగుతారు. ధూళి పీల్చిన మనిషికి చెయ్యి మందగిస్తుందనీ, పని తప్పులు పోతుందనీ యాజమాన్యం ఏనాడో కనిపెట్టింది. కడగ్గా వచ్చిన ధూళిని మాత్రం పెద్ద గొట్టంలోంచి కార్మికుల కాలనీ వైపు వదిలేస్తుంది.

ఆ ఫ్యాక్టరీలో ఎవరూ సెలవు పెట్టరు. క్యారేజీ తెచ్చిన మనిషి కూడా, కార్మికుడు తినడం అయ్యేదాకా లోపలి క్యాంటీన్‌లో కూర్చోవచ్చు. అందుకే ఆ క్యారేజీ ఎవరు మోయాలని కాలనీలో ఉండే అనూషకూ కోడలు ఆద్యకూ నేనంటే నేనని రోజూ పేచీయే. తిండి దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట: గబగబా తినగలిగేది పెట్టకూడదు. మొన్న మునక్కాడలు, నిన్న సీతాఫలాలు. ఈ రోజు దగ్గు ఎక్కువై అనూష వంతు గెలుచుకుంది. ఒళ్ళంతా ముళ్ళున్న చిన్న చేపల పులుసు తెచ్చింది.

కొడుకు శ్రీకర్ ఆఖరి చేప ఒలుస్తుండగా మేనేజరు నవ్వుతూ వచ్చాడు.

"అమ్మా, శుభవార్త! భోజనాలకు గంట పోతోందని, రేపటి నుంచి కంపెనీయే ఉచితంగా మెత్తటి భోజనం పెడుతుంది. పది నిమిషాల్లో అయిపోతుంది. మీరిక హాయిగా ఇంటిపట్టునే ఉండొచ్చు."

క్యారేజీ రానివాళ్ళు చప్పట్లు కొట్టారు.

అనూషకు దగ్గు ఆగి అరగంటయింది.

"మెల్లగ తిను బిడ్డా," అంది కొడుకుతో, "ముళ్ళు గుచ్చుకుంటయ్."

శ్రీకర్ తల్లి మొహం చూశాడు. పళ్ళెం అంచున చప్పరించి పడేసిన ముల్లొకటి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి చప్పరించసాగాడు.