కుట్టుమిషను సొరుగు

"నా కళ్ళజోడు చూశావా?"

"నేనెక్కడ చూశానండీ?" అంది భార్య, కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా. కళ్ళజోడు ఆవిడ కుట్టుమిషను సొరుగులో, బొత్తాల మధ్య ఉంది. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో చిత్రకారుడు ఆ సొరుగు తెరిచిన పాపాన పోలేదు. దొంగతనం బయటపడుతుందని ఆవిడా మళ్ళీ దాని జోలికి వెళ్ళదలచుకోలేదు.

ఆవిడకి మాత్రం వేరే దారేముంది? ఆయన ఆకు గీస్తే ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. అందుకే పేరొచ్చింది. ఆ పేరే మెడకు గుదిబండ అయింది. ఆరు నెలలుగా ఒకే చెట్టు బొమ్మ ముందు కూర్చుని, నిన్న "ఇక నావల్ల కాదు. కుంచెలు ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు. పెళ్ళయిన కొత్తలో ఇంప్రెషనిస్టుల బొమ్మల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, "చూడవే, వీళ్ళు వస్తువుని కాదు, దాని మీద పడ్డ వెలుగుని గీశారు" అని మురిసిపోయిన మనిషే! ఆవిడకి ఏడుపొచ్చింది.

"కళ్ళజోడు లేకుండా ఏం గియ్యను? పెరడంతా అలికేసినట్టుంది."

"అలికేసినట్టే గియ్యండి. ఎవరొద్దన్నారు?"

రెండు రోజులు ఇల్లంతా వెతికాడు, విసుక్కున్నాడు. మూడో రోజు, "కుంచెలు తుడుచుకునే ఆకుపచ్చ గుడ్డేదే?" అన్నాడు.

"మీ వస్తువులకి కాళ్ళొచ్చాయి," అని ఆవిడ పాత దుప్పటి చింపి ఇచ్చింది.

ఆ రోజే పెద్ద కుంచె పట్టాడు. పసుపు, నీలం పక్కపక్కనే ముద్దలుగా వేశాడు. ఆరేసిన బట్టల మీద ఎండ, నీళ్ళ తొట్టిలో ఆకాశం, గోడ వారన ఊదారంగు నీడ. ఈల వేస్తూ గీశాడు. కొత్త కళ్ళజోడు చేయించుకోమంటే "రేపు వెళ్తాలే" అన్నాడు. ఇరవై రోజులైనా ఆ రేపు రాలేదు.

ప్రదర్శనశాల యజమాని వచ్చి, "ఇవి మీరే వేశారా!" అంటూ తొమ్మిది బొమ్మలూ పట్టుకెళ్ళాడు.

"ఇన్నేళ్ళూ ఆకుల ఈనెలకి ఊడిగం చేశానే," అన్నాడు చిత్రకారుడు ఆ సాయంత్రం. "ఇప్పుడెంత హాయిగా ఉందో!"

ఆ మాటతో ఆవిడకి మనసు ఆగలేదు.

"ఏమండీ, మీకో సంగతి చెప్పాలి. తిట్టకూడదు."

"చెప్పు," అన్నాడు నవ్వుతూ.

"ఉండండి, తెచ్చి చూపిస్తా."

లోపలికి వెళ్ళి సొరుగు లాగింది.

కళ్ళజోడు ఆయన ఆకుపచ్చ గుడ్డలో భద్రంగా చుట్టి ఉంది.