డెబ్బైనాలుగో పేజీ

ఆ లైబ్రరీ తన భార్యను దొంగను చేసింది. వీరవెంకటరమణ లెక్కలో ఇది పన్నెండేళ్ల కిందటే తేలిపోయిన విషయం. రాజ్యలక్ష్మి నవల తీసుకెళ్లి తిరిగివ్వలేదని నోటీసు బోర్డు మీద పేరు రాశారు. రాసిన లైబ్రేరియను రిటైరైపోయాడు. రాజ్యలక్ష్మి పోయి ఏడాదైంది. తేలిన విషయం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడున్న మెర్సీ కొత్త లైబ్రేరియను. ప్రతి శనివారం పాత ఇష్యూ రిజిస్టరులో ఒక పేజీ ఫొటో తీసి, లైబ్రరీ ఫేస్‌బుక్కులో పెడుతుంది. ‘మీవాళ్ల సంతకం గుర్తుపట్టండి’ అని రాస్తుంది. కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న ఊరివాళ్లు ఆ గడుల్లో అమ్మనీ తాతనీ వెతుక్కుంటారు.

“మా ఆవిడ పేజీ పెట్టమ్మా,” అన్నాడు రమణ, గొడుగు బల్లకు ఆనిస్తూ.

“ఆయ్, పెడతానండి. ఇంటివాళ్లు ఒప్పుకున్నట్టు ముందు ఈ కాగితం మీద సంతకం పెట్టండి.”

రమణ జేబులోంచి పెన్ను తీశాడు. మెలికలు తిరిగిన సంతకం చేసి, కింద రెండు గీతలు గీసి, చివర ఒక చుక్క పొడిచాడు. కాగితానికి చిల్లు పడింది.

“కాగితం ఏం చేసిందండీ పాపం!” అని నవ్వింది మెర్సీ. “ఇంతకీ ఏం జరిగిందండి?”

“నవల తీసుకెళ్లిందని రాసిన ఆ వారమంతా మా ఆవిడ అమలాపురం ఆసుపత్రిలో ఉంది. టైఫాయిడ్. పక్కన నేనే. మధ్యలో బట్టల కోసం ఒక్కపూట ఊళ్లోకి వచ్చేను. తిన్నానో లేదో కూడా గుర్తులేదు. ఇంటికి తెచ్చేటప్పుడు దుప్పటీ ఫ్లాస్కూ అక్కడే వదిలేసి వచ్చేం. మంచం దిగలేని మనిషి ఇక్కడికొచ్చి నవల ఎలా పట్టుకెళ్తుంది?”

“నిజమేనండి.”

“ఎవడో ఆవిడ పేరు మీద పట్టుకుపోయేడు.”

“ఆవిడేమన్నారండి?”

“‘ఎవరి పొరపాటో, వదిలేయండి’ అంది. నేను వదల్లేదు. దొంగ అన్నవాళ్ల గడప తొక్కొద్దన్నాను. తొక్కలేదు.”

పదకొండేళ్లు తొక్కలేదు. కిరాణా పొట్లాలు విప్పి ఆ కాగితాలు చదువుకునేది. కథ సగంలో తెగిపోతే, మిగతా ముక్క వస్తుందేమోనని మర్నాడు కందిపప్పు కూడా ఆ కొట్లోనే తెమ్మనేది.

మెర్సీ బీరువాలోంచి రిజిస్టరు తెచ్చి దుమ్ము దులిపింది.

“డెబ్బైనాలుగో పేజీ అండి. ఫొటో తీయనా?”

“ఫొటో వద్దు. లైవ్ పెట్టు. అందరూ చూడాలి.”

“మధ్యలో ఆపమంటే బాగోదండి.”

“ఆపమని అడిగేవాణ్ణి కాదు.”

పేపరు చదువుకుంటున్న అంజిబాబు తలెత్తాడు. “ఏంటి రమణగారూ, సినిమాలో వేషం వచ్చిందా?”

“నీ పేపరు నువ్వు చదువుకో.”

మెర్సీ ఫోను ముందు పేజీ పట్టుకుని సంగతంతా చెప్పింది. చూసేవాళ్లు రెండు వందలు దాటారు. వచ్చిన కామెంట్లు పైకి చదివింది.

“మస్కట్ నుంచి శాంతి అండి. ‘ఇది లక్ష్మత్త సంతకం కాదు. డ్వాక్రా పుస్తకంలో ఆవిడ పక్కనే పెట్టేదాన్ని. గుండ్రంగా పూర్తి పేరు రాసేది.’ కువైట్ నుంచి అన్నపూర్ణగారు. ‘ఆవిడ మీద నింద వేసినవాళ్లు తప్పు ఒప్పుకోవాలి.’”

మెర్సీ ఫోనుకేసి చూసి స్పష్టంగా చెప్పింది. “రాజ్యలక్ష్మిగారు ఈ పుస్తకం తీసుకోలేదండి. తప్పు లైబ్రరీది.”

అంజిబాబు చప్పట్లు కొట్టాడు. రమణ నిటారుగా నిలబడ్డాడు. పన్నెండేళ్ల తర్వాత అతని ఛాతీ నిండా గాలి పట్టింది.

“ఇప్పుడా దొంగెవడో కూడా తేల్చు. దగ్గరగా చూపించు, ఎవరో ఒకరు గుర్తుపడతారు.”

మెర్సీ ఫోను సంతకం మీదికి దించింది. రమణ కళ్లజోడు పెట్టుకుని, రిజిస్టరు మీదికి వంగాడు. వంగినవాడు లేవలేదు.

“ఆపెయ్యమ్మా,” అన్నాడు చివరికి.

“అదేంటండి, మీరే కదా…”

“ఆపెయ్యి. ఈ మాట ఇక నా నోట రాదు. నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు.”

బయట వాన పడుతోంది. గొడుగు వదిలేసి మెట్లు దిగిపోయాడు.

మెర్సీ పేజీ వంక చూసింది.

ఆ సంతకం కింద రెండు గీతలు, చివర ఒక చిల్లు ఉన్నాయి.