నూరు కుర్చీల ర్యాంపు

మా కాలనీ గ్రౌండ్‌లో బ్యాడ్మింటన్ కోర్టుకు ఎక్కే ర్యాంపుకు సొంత బుర్ర ఉంది. రోజుకు నూరు సార్లు తన మీద చక్రాల కుర్చీ ఎక్కకపోతే, ఇక్కడ తన అవసరం లేదనుకుని తనంతట తానే మడుచుకుని వేరే గ్రౌండ్‌కు వెళ్లిపోతుంది. ఊళ్లో ర్యాంపులన్నీ ఇప్పుడు ఇలాంటివే.

ర్యాంపు పోతే కాలనీ పరువు పోతుందని మా వాకర్స్ సంఘం నడక మానేసింది. పొద్దున్నే అందరూ చక్రాల కుర్చీల్లో కూర్చుని ఎక్కుతూ దిగుతూ ఉంటారు.

నిన్న వహీదా ఒళ్లో రాకెట్ పెట్టుకుని తన కుర్చీలో వచ్చింది. ఆమెకు చిన్నప్పటి నుంచీ కాళ్లు కదలవు. వాచ్‌మన్ కొమురయ్య టోకెన్ చేతికిచ్చాడు.

"మీది ఎనభై ఏడో నంబరమ్మా. ముందు మన సంఘం సార్లంతా ఎక్కాలె."

"వాళ్లంతా ఎందుకు ఎక్కుతున్నరన్నా?"

"మీ అసుంటోళ్ల కోసమే గదమ్మా."

గంటన్నరకు ఆమె పైకి చేరింది. కోర్టు నిండా సంఘం వాళ్లు ఎక్కి వదిలేసిన ఖాళీ కుర్చీలే ఉన్నాయి. ఆట ఎక్కడ ఆడాలని సంఘం అధ్యక్షుణ్ని అడిగింది.

"ఆట రేపు చూద్దాం తల్లీ. ఇంకో పదమూడు సార్లు ఎక్కి దిగు. నీకైతే అలవాటే గద, మాకు నడుములు పడిపోతున్నయి" అన్నాడాయన.

అని కుర్చీలోంచి లేచి, మెట్లు చకచకా దిగి ఇంటికి వెళ్లిపోయాడు.