తక్కువ అంచనా

"ఇరవై ఎనిమిది వేలు వచ్చిన ఏడాదికి పద్నాలుగు వేలే వస్తాయని ఎలా రాశారు?"

ఆదాయపన్ను ఆఫీసరు రెండోసారి అడిగాడు. ఎదురుగా సాంబయ్య. అతని పక్కన భార్య శంకరవ్వ, వెనక లెక్కలు రాసే కైలాసం. పొద్దున్నే జమ్మికుంటలో బస్సెక్కి ముగ్గురూ కరీంనగరు వచ్చారు. ఇల్లు శంకరవ్వ పేరు మీద ఉన్నందున ఆమెనూ రమ్మన్నారు.

సాంబయ్యది నూలు దుకాణం. ఏడాదిలో ఎంత ఆదాయం వస్తుందో ముందే అంచనా రాసిచ్చి, దానికి తగిన పన్ను వాయిదాల్లో కట్టాలి. అరవైమూడు జూన్‌లో అతను రాసిచ్చిన అంచనా అసలు ఆదాయంలో సగమే అయింది.

"వానలు పడవనుకున్నం సార్," కైలాసం అందుకున్నాడు. "సాలోళ్ల మగ్గాలు నడువయి, నూలు కొనరని..."

"మిమ్మల్ని అడగలేదు." ఆఫీసరు కాగితాలు తిప్పాడు. "సాంబయ్యగారూ, ఆ మే నెలలోనే ఇల్లు మీ భార్య పేర రాశారు. పోస్టాఫీసులో ఉన్న డబ్బంతా ఆమె పేరుకు మార్చారు. అరువులన్నీ వసూలు చేశారు. కొత్త నూలు తెప్పించడం ఆపేశారు. అక్టోబరు చివర్లో మళ్లీ మొదలుపెట్టారు. అవునా?"

"అవును సార్."

"అమ్మా, ఆయన ఇల్లు మీ పేర ఎందుకు రాశారు?"

శంకరవ్వ కొంగు సర్దుకుంది. "నాకేం ఎరుక సారూ. ఏలుముద్ర ఎయ్యమన్నడు, ఏసిన. గని మా ఇంటాయన దొంగ గాదు. నోటీసు వచ్చినకాన్నుంచి తిండి లేదు, నిద్ర లేదు. జర సూడుండ్రి, మనిషి ఎట్లయిండో."

ఆఫీసరు చూశాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. గొంతు కొంచెం తగ్గించాడు.

"చూడండి. మీరు కట్టాల్సింది అయిదువేల రెండు వందలు. అందులో ముప్పాతిక వంతయినా, అంటే మూడువేల తొమ్మిది వందలయినా, ముందే కట్టాలి. మీరు కట్టింది పదిహేను వందలు. లోటు రెండువేల నాలుగు వందలు. దాని మీద వడ్డీ ఎనభై రూపాయలు, అది పెద్ద మాట కాదు. కావాలని తప్పు అంచనా ఇచ్చారని తేలితే మాత్రం లోటుకు ఒకటిన్నర రెట్ల దాకా జరిమానా వేయొచ్చు. మూడువేల ఆరు వందలు. నమ్మి రాశారని నేను అనుకుంటే జరిమానా ఉండదు. అందుకే అడుగుతున్నాను. ఎవరైనా సలహా ఇచ్చారా?"

"హైదరాబాదుల ఒకాయన చెప్పిండు సార్."

కైలాసం ఉలిక్కిపడ్డాడు. నూలు బేరానికని ఆ మేలో సాంబయ్య హైదరాబాదు పోయిన మాట నిజమే. వచ్చిన మర్నాడే సగం రాయమన్నాడు.

"ఎవరాయన?"

సాంబయ్య భార్య వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు.

"అతని మాట నమ్మారా?"

"నమ్మిన సార్. పెద్దమనిషి."

"ఆ పెద్దమనిషి మిమ్మల్ని నిలువునా ముంచాడు. సరే. మార్చి దాకా అంచనా సవరించుకోవచ్చు. అప్పటికి వ్యాపారం బాగానే నడుస్తోంది. ఎందుకు సవరించలేదు?"

"ఇయ్యాల్నో రేపో అనుకుంట ఉన్న సార్. అట్లనే ఏడాది ఎల్లిపోయింది."

ఆఫీసరు కలం తీశాడు. "పేరు చెప్పండి. ఆఖరిసారి అడుగుతున్నాను."

"అన్నా, చెప్పరాదే!" కైలాసం బతిమాలాడు.

సాంబయ్య చేతులు జోడించాడు. "మీకు తోచింది రాయుండ్రి సార్."

ఆఫీసరు రాశాడు. తెలిసి తప్పుడు అంచనా ఇచ్చినందుకు పూర్తి జరిమానా. మిగిలిన పన్ను, వడ్డీ, జరిమానా కలిపి ఏడువేల మూడు వందల ఎనభై. సాంబయ్య చూపించిన చోట సంతకం పెట్టాడు.

ముగ్గురూ బస్టాండుకు నడిచారు. జమ్మికుంట బస్సు నిలబడి ఉంది. ఎక్కబోతూ శంకరవ్వ అంది, "ఇల్లు కుదువ పెడదాం తీ. నువ్వు బాధపడకు. గోడలే గదా, పోతే పోనీ."

సాంబయ్య ముఖం అప్పుడు చెదిరింది. ఆఫీసులో అన్ని మాటలు పడ్డా చెదరని ముఖం. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చునే దాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

కైలాసం అతన్ని బస్సు వెనక్కు తీసుకుపోయాడు.

"పదేండ్ల సంది నీ లెక్కలు రాస్తున్న. ఒక్క నయాపైస తప్పు రాయలే. ఇయ్యాల నా చేత దొంగ లెక్క రాయించినవని తేలింది. రేపు బజార్ల నాకు లెక్కలు ఎవలిస్తరు?"

"దొంగ లెక్క గాదు కైలాసం. ఎంతొస్తదనుకున్ననో గంతే రాయించిన."

"ఏమనుకున్నవ్? ఆరు నెల్లకే దుకాణం బందయితదనుకున్నవా?"

"అవు. అనుకున్న."

"గా మాట సారుకు జెప్తే అయిపోవుగదనే! మూడువేల ఆరు వందలు! ఇంటి మీదికి తెచ్చుకుంటివి. నోట్లె నాలిక లేదా?"

"శంకరవ్వ పక్కనే ఉండె."

"ఉంటే? ఆమెకు తెల్వకూడని ముచ్చటేంది?" కైలాసం గొంతు పెరిగింది. "హైదరాబాదుల ఎవలను కలిసినవ్? ఏం చెప్పిండు గా పెద్దమనిషి?"

డ్రైవరు ఎక్కి ఇంజను మొదలుపెట్టాడు. శంకరవ్వ కిటికీలోంచి తల బయటకు పెట్టి ఇద్దరినీ రమ్మని చెయ్యి ఊపింది. సాంబయ్య కూడా చెయ్యి ఊపాడు. ఇంజను మోతలో మాట ఆమె దాకా పోదని నమ్మకం కుదిరాక నోరు తెరిచాడు.

"దసర దాటి బతుకవని చెప్పిండు డాక్టరు."