మన వీధి

“మీ పాపకి దగ్గు తగ్గిందా బాబూ?”

కారు అద్దం దించగానే అతనికి వినబడిన మొదటి మాట అది. రోజూ వీధి మలుపులో బల్ల మీద కూర్చునే ముసలావిడ ఇవాళ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. బల్ల లేదు మరి. పొద్దున్నే పీకేశారు. పీకించింది ఇతగాడే.

“ఎవరో ఏమో, మన ఇళ్ళకేసి చూస్తూ కూర్చుంటోంది. మా పాపకి దగ్గని కూడా తెలుసు ఆవిడకి. దొంగల తాలూకు మనిషి కాక మరేమిటి?” అని కాలనీ మీటింగులో గగ్గోలు పెట్టాడు. బల్ల తీసేసి కెమెరాలు పెట్టిద్దామంటే అందరూ తలూపారు. పోయినేడు ఇంటి చుట్టూ గోడని ఇంకో నిలువెత్తు లేపించినవాడికి వీధిలో బల్ల ఒక లెక్కా!

ఇప్పుడు ఆవిడ కాళ్ళు వణుకుతుంటే మాత్రం చూడలేకపోయాడు. సిగ్గేసింది.

“ఎక్కండి పెద్దమ్మా, ఇంటి దగ్గర దింపుతాను.”

“నీకెందుకు నాయనా శ్రమ?” అంటూనే ఎక్కి కూర్చుంది. “పోయినేటి నుంచీ మా ఇంట్లోకి ఎండ రావడం లేదు. ఇక్కడైతే కాస్త ఎండ, నాలుగు మొహాలు. అవునూ, మన వీధిలో మనుషులు కార్లు దిగరేం బాబూ?”

మన వీధిట! ఈవిడదెప్పుడయిందో అనుకున్నాడు. అలా అనుకున్నందుకు మరుక్షణమే తనమీద తనకే రోత పుట్టింది.

“కారు వెనక్కి తిప్పమంటారా?”

“వద్దొద్దు, తిన్నగా పోనీ. ఇంకాస్త. ఆఁ, ఇక్కడ ఆపు.”

ఆపి చూస్తే ఎదురుగా తన గేటే. అయితే ఆవిడకి అంతా తెలిసిపోయింది. ఇంటి ముందే నిలబెట్టి కడిగేయడానికి తీసుకొచ్చింది.

“పెద్దమ్మా, బల్ల తీయించింది నేనే. పరాయి మనిషనుకున్నాను. తప్పయిపోయింది.” తలెత్తలేకపోయాడు. “లోపలికి రండి. మా ఆవిడ ముందే నాలుగు తిట్టండి, పడతాను.”

ఆవిడ మెల్లగా దిగి, సంచీలోంచి తాళంచెవి తీసింది.

“మీ ఇల్లు కాదు బాబూ, నాది ఈ పక్కది.”