ఉపాయాల డబ్బా

పని సులువయ్యే ఉపాయం రాసి వేసినవాడికి చేతిగడియారం ఇస్తానని, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా క్వారీలో మా ముదీర్, అంటే మేనేజరు, ఒక డబ్బా పెట్టించాడు. మూడు నెలలైనా అది ఖాళీయే.

“మాకు రాసుడస్తే గీ రాళ్లెందుకు మోస్తం సారూ?” అని ఆశన్న నవ్వాడు.

ఆ మాట నేను చెబితే ముదీర్ డబ్బా తీసేసి టేప్ రికార్డర్ పెట్టాడు. వారంలో క్యాసెట్ నిండింది. గుమాస్తాను కనుక ముదీర్ ముందు నేనే వింటూ హిందీలో చెప్పాను.

“అన్నీ పెళ్లాలకు చెప్పుకున్న ముచ్చట్లే సాబ్.”

“ఖలాస్! చెరిపెయ్.”

అంతలో టేపులో ఆశన్న గొంతు వినిపించింది. “సమ్మవ్వా, ఈడ రాళ్లు మోసే రబ్బరు పట్టా దినాం తెగుతది. మన తోలు మోటబొక్కెన లెక్క ఐమూలగ కుడితే తెగనే తెగది. గీ ముదీర్‌కు చెప్తే ఇంటడా?”

అదీ ఉన్నదున్నట్టు చెప్పాను.

ముదీర్ తన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

“టేపు మొదటికి తిప్పు. ఒక్క ముచ్చటా వదలకు.”